పడే ఎలక్ట్రాను వెలుగుతుందా?



నా మాట మీ ఇంటిదాకా వస్తున్నదంటే, ప్రసార కేంద్రం దగ్గర నిలబెట్టిన ఎత్తైన స్తంభంలో లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లు పైకీ కిందికీ ఊగుతున్నాయన్నమాట. మీడియం వేవ్ కేంద్రమైతే సెకనుకు లక్షలసార్లు ఊగుతాయి. ఆ ఊపులోంచి తరంగం పుడుతుంది. అది మీ రేడియో ఏరియల్‌ను తాకితే అక్కడి ఎలక్ట్రాన్లు కూడా అదే తీరుగా ఊగుతాయి. విద్యుదావేశం ఉన్న కణం వేగం మారినా, దిశ మారినా దాని నుంచి వికిరణం వెలువడుతుందని ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. త్వరణం ఎంత ఉంటే వికిరణం ఎంత ఉంటుందో 1897లో జోసెఫ్ లార్మర్ సూత్రం కట్టి చెప్పాడు. త్వరణం రెట్టింపైతే వెలువడే శక్తి నాలుగింతలవుతుంది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. ఎలక్ట్రాన్‌ను అయస్కాంతం దారి మళ్లిస్తే అది వెలుగు చిమ్ముతుంది. మరి అదే ఎలక్ట్రాన్‌ను చేతిలోంచి వదిలేస్తే భూమి వైపు పడుతుంది కదా, పడటమూ త్వరణమే కదా, అప్పుడు కూడా వెలుగు చిమ్ముతుందా? బల్ల మీద కదలకుండా పెట్టిన ఆవేశం సంగతేమిటి? చూడటానికి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలా ఉంటుంది. హేమాహేమీలైన భౌతిక శాస్త్రవేత్తలు దీని మీద అరవై డెబ్బై ఏళ్లు వాదించుకున్నారు.

ముందు అసలు వికిరణం ఎందుకు పుడుతుందో చూద్దాం. ప్రతి ఆవేశం చుట్టూ దాని విద్యుత్ క్షేత్రం ఉంటుంది. అది ఎంతో దూరం పరుచుకుని ఉంటుంది. కణం ఉన్నట్టుండి పక్కకు తిరిగితే ఆ కబురు దూరాన ఉన్న క్షేత్రానికి వెంటనే అందదు, కాంతివేగంతోనే చేరాలి. వడివడిగా నడిచిపోతున్న మనిషిని చెయ్యి పట్టి పక్కకు లాగామనుకోండి. మనిషి తిరిగినా, భుజం మీది కండువా ఒక్క క్షణం పాత దారినే పోయి, ఒక మడత పడి, ఆ తర్వాతే వెనక్కి వస్తుంది. క్షేత్రంలో పడే అలాంటి మడతే కాంతివేగంతో బయటికి ప్రయాణమవుతుంది. ఆ మడతనే మనం వికిరణం అంటున్నాం. అంటే కణానికీ, దాని సొంత క్షేత్రానికీ మధ్య పొత్తు ఎక్కడ చెడుతుందో అక్కడ వెలుగు పుడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

అయస్కాంతం సంగతి తీసుకుందాం. అయస్కాంత క్షేత్రం కదిలే ఆవేశాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఆవేశం చుట్టూ దూరం దాకా పరుచుకున్న విద్యుత్ క్షేత్రం జోలికి పోదు. కణం మలుపు తిరుగుతుంది, క్షేత్రం వెనకబడుతుంది. కాబట్టి మడత పడక తప్పదు. దీన్ని మొట్టమొదట కంటితో చూసిన రోజు 1947 ఏప్రిల్ 24. చోటు న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ పట్టణం, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాల. అక్కడ ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పుతూ 7 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి తీసుకువెళ్లే సింక్రోట్రాన్ అనే యంత్రాన్ని కొత్తగా కట్టారు. రేడియేషన్ తగలకుండా యంత్రానికీ మనుషులకీ మధ్య మందపాటి కాంక్రీటు గోడ ఉంది. ఆ రోజు యంత్రాన్ని దాని శక్తి చివరంచుదాకా నడిపిస్తున్నారు. మధ్యమధ్య నిప్పురవ్వలు లేస్తున్నాయని అనుమానం వచ్చి, గోడ పక్క నుంచి అద్దం పెట్టి లోపలికి చూడమని అక్కడి సాంకేతిక ఉద్యోగికి చెప్పారు. అతను చూసి, గొట్టంలో మెరుపు కనబడుతోంది, యంత్రం ఆపెయ్యండని సైగ చేశాడు.

గొట్టంలో నిజంగా నిప్పురవ్వ లేచి ఉంటే లోపలి శూన్యం చెడిపోవాలి. మీటరు చూస్తే శూన్యం చెక్కుచెదరలేదు. దాంతో శాస్త్రవేత్తలే గోడ చివరికి వచ్చి స్వయంగా చూశారు. ఎలక్ట్రాన్లు ఎదురుగా దూసుకొచ్చే వైపు నుంచి చూస్తే కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లని చుక్క. ఎలక్ట్రాన్ల శక్తి తగ్గిస్తే ఆ తెలుపు పసుపుకు తిరిగింది, ఇంకా తగ్గిస్తే మసక ఎరుపై ఆరిపోయింది. ఆ యంత్రపు గొట్టం గాజుది కావటం, లోపలికి చూపు ఆనటం అదృష్టం. అంతకు ముందున్న యంత్రాలు చాలావరకు మూసిన గొట్టాలతో కట్టినవి. ఈ వికిరణం ఉండాలని సోవియట్ శాస్త్రవేత్తలు ఇవానెంకో, పొమెరాంచుక్ 1944లోనే రాశారు. 1946లో అదే కంపెనీలో జాన్ బ్లెవెట్ మరో యంత్రంలో ఎలక్ట్రాన్లు శక్తి కోల్పోతున్నట్టు కొలిచాడు కూడా. వెలుగు మాత్రం అద్దంలో చూసిన ఆ ఉద్యోగి కళ్లకే ముందు దొరికింది. అప్పటి నుంచి దాని పేరు సింక్రోట్రాన్ వికిరణం.

ఇప్పుడు మన దేశంలో ఆ వెలుగు కోసమే కట్టిన యంత్రాలున్నాయి. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో ఇండస్-1, ఇండస్-2 అనే రెండు నిల్వ వలయాలు నడుస్తున్నాయి. ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లు. అందులో ఎలక్ట్రాన్ల శక్తి 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. దాదాపు కాంతివేగంతో పోతూ ఒక్కొక్క ఎలక్ట్రాను సెకనుకు 17 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. అయస్కాంతం దాన్ని మలుపు తిప్పినప్పుడల్లా వెలుగు చిమ్ముతూ, ఒక్కో చుట్టుకు సుమారు 6 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు పోగొట్టుకుంటుంది. పోయినది పోయినట్టు రేడియో పౌనఃపున్య పెట్టెలతో మళ్లీ నింపకపోతే రెండు మూడు మిల్లీసెకన్లలో దాని సొత్తంతా ఖాళీ అయిపోతుంది. అయస్కాంత బలం ఎప్పుడూ కణం దారికి అడ్డంగా ఉంటుంది కాబట్టి అది కణానికి శక్తి ఇవ్వదు, తీసుకోదు. వెలుగుకయ్యే ఖర్చు మొత్తం ఎలక్ట్రాను తన గమన శక్తిలోంచే పెట్టుకోవాలి. వచ్చే వెలుగు నలుదిక్కులా చెదిరిపోదు. కణం పోయే దిక్కున సన్నని కిరణంగా వస్తుంది. ఎక్స్ కిరణాలైతే పది మీటర్ల దూరం పోయాక కూడా పైనుంచి కిందికి కొలిస్తే కొన్ని మిల్లీమీటర్లే ఉంటాయి. ప్రొటీన్ల నిర్మాణం, కొత్త లోహాల లోగుట్టు, ఔషధాల స్ఫటికాలు ఈ కిరణాలతోనే తేలుతున్నాయి. రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ అందుకున్న వెంకటరామన్ రామకృష్ణన్ పని కూడా సింక్రోట్రాన్ ఎక్స్ కిరణాల మీదే నడిచింది.

ఇక్కడ ద్రవ్యరాశికి ఉన్న పాత్ర గమనించాలి. జెనీవా దగ్గర సెర్న్ సంస్థకు 27 కిలోమీటర్ల సొరంగం ఉంది. 2000 సంవత్సరం దాకా అందులో ఎలక్ట్రాన్లు తిరిగేవి. ఆఖరి రోజుల్లో ఒక్కో ఎలక్ట్రాను తన శక్తిలో నూటికి మూడు వంతులు ఒక్క చుట్టులోనే వెలుగు రూపంలో పోగొట్టుకునేది. ఇప్పుడు అదే సొరంగంలో ప్రోటాన్లు అంతకు అరవై రెట్లకు పైగా శక్తితో తిరుగుతున్నా, చుట్టుకు పోయేది ఏడు వేల ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. శక్తీ, మలుపూ ఒకటే అయితే, ప్రోటాను ఎలక్ట్రాను కన్నా 1836 రెట్లు బరువు కాబట్టి దాని వెలుగు పది లక్షల కోట్ల రెట్లకు పైగా తక్కువ. అదే శక్తి దగ్గర బరువైన కణం కాంతివేగానికి అంత దగ్గరగా చేరదు మరి.

ఆకాశంలో కూడా ఇదే వెలుగు. 1054లో చైనా జ్యోతిష్కులు పట్టపగలు చూసిన నక్షత్ర విస్ఫోటం మిగిల్చిన పీత నెబ్యులా నీలివెలుగు ఎక్కడి నుంచి వస్తుందో చాలాకాలం అంతుపట్టలేదు. 1953లో సోవియట్ ఖగోళవేత్త ష్క్లోవ్‌స్కీ అది సింక్రోట్రాన్ వికిరణమే అయి ఉండాలన్నాడు. అలా అయితే ఆ కాంతి ధ్రువణం చెంది ఉండాలి. మరుసటి ఏడే అది కొలతల్లో తేలింది. అక్కడి అయస్కాంత క్షేత్రం మన భూమి క్షేత్రంలో సుమారు వెయ్యో వంతు. ఆ మాత్రం పట్టుకే ఎలక్ట్రాన్లు అంతగా వెలుగుతున్నాయి.

ఇప్పుడు గురుత్వానికి వద్దాం. గురుత్వం తీరే వేరు. అది ఆవేశాన్ని చూడదు, బరువును చూడదు. అన్నిటినీ ఒకే త్వరణంతో లాగుతుంది. ప్రోటాను పడినా, ఎలక్ట్రాను పడినా సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే. అందువల్ల లార్మర్ లెక్క ప్రకారం ఒక వింత తేలుతుంది. పడే ప్రోటాను, పడే ఎలక్ట్రాను వెలుగు సరిసమానంగా చిమ్మాలి. సెర్న్ సొరంగంలో చూసిన ఆ పెద్ద తేడా ఇక్కడ మాయమైపోతుంది.

చిమ్మే వెలుగెంత? దశాంశ బిందువు పెట్టి, 51 సున్నాలు రాసి, ఆ తర్వాత ఒక 5 రాయండి. అన్ని వాట్లు. ఒక ఎలక్ట్రాను విశ్వం పుట్టిన 1380 కోట్ల ఏళ్ల నుంచీ ఇదే త్వరణంతో పడుతూనే ఉందనుకున్నా, మొత్తం కలిపి కంటికి కనిపించే ఒకే ఒక్క కాంతి కణానికి కావలసిన శక్తిలో వెయ్యి లక్షల కోట్లలో ఒక వంతు కూడా కాదు. ఇండోర్‌లోని ఎలక్ట్రాను చిమ్మేదాన్ని దీనితో భాగిస్తే ఒకటి పక్కన 44 సున్నాలు పెట్టాల్సినంత సంఖ్య వస్తుంది.

వెలుగు మాట దేవుడెరుగు, ఎలక్ట్రాను పడటాన్ని చూడటమే గగనం. ఎలక్ట్రాను బరువును నిలబెట్టడానికి కావలసిన విద్యుత్ క్షేత్రం మీటరుకు వోల్టులో దాదాపు రెండు వేల కోట్లవ వంతు. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విట్‌బోర్న్, ఫెయిర్‌బ్యాంక్ అనే ఇద్దరు ఈ సాహసానికి దిగారు. నిలువుగా నిలబెట్టిన రాగి గొట్టాన్ని ద్రవ హీలియంతో చల్లబరచి, అందులో ఎలక్ట్రాన్లను పంపి ఎంత సేపట్లో దాటుతున్నాయో కొలిచారు. గొట్టంలో ఎలక్ట్రాన్లకు కిందికి లాగే బలమే దాదాపు తగల్లేదు! కారణం ఏమిటంటే, రాగిలో ఉన్న ఎలక్ట్రాన్లు కూడా గురుత్వానికి కొద్దిగా కిందికి దిగబడతాయి. ఆ దిగబాటు వల్ల గొట్టం లోపల పుట్టే విద్యుత్ క్షేత్రం, పడబోయే ఎలక్ట్రాను బరువుకు సరిగ్గా అడ్డం నిలుస్తుంది. షిఫ్, బార్న్‌హిల్ ఈ సంగతిని ముందుగానే లెక్క కట్టారు. ఇంత ఓపికతో చేసిన ప్రయోగాన్ని తలుచుకుంటే నాకు ఎప్పుడూ చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

కొలవలేనిదాని గురించి వాదన ఎందుకని మీరు అడగవచ్చు. ఆ వాదన ఐన్‌స్టైన్ సిద్ధాంతపు పునాదిని తాకుతుంది కాబట్టి. 1907లో బెర్న్ పేటెంట్ కార్యాలయంలో కూర్చుని ఉండగా ఆయనకొక ఆలోచన తట్టింది. పైనుంచి పడుతున్న మనిషికి తన బరువు తెలియదు. కిటికీలు లేని గదిలో ఉన్నవాడికి ఆ గది భూమి మీద నిలబడి ఉందో, శూన్యంలో రాకెట్టు దాన్ని అదే త్వరణంతో లాక్కుపోతోందో చెప్పటం సాధ్యం కాదు. దీన్నే తుల్యతా సూత్రం అంటాం. ఇప్పుడు ఆ గదిలో బల్ల మీద ఒక ఆవేశం పెట్టండి. రాకెట్టులో ఉంటే అది త్వరణంతో పోతోంది కాబట్టి వికిరణం చెయ్యాలి. భూమి మీద ఉంటే అది కదలకుండా కూర్చుంది, ఏళ్ల తరబడి వెలుగు చిమ్మటానికి దానికి శక్తి ఎక్కడిది? రెండూ నిజమైతే ఒక ఎలక్ట్రాను, వెలుగును పట్టే ఒక పరికరం చాలు, గది ఎక్కడుందో చెప్పెయ్యొచ్చు. తుల్యతా సూత్రం కూలిపోతుంది.

1909లో మాక్స్ బోర్న్ స్థిర త్వరణంతో పోయే ఆవేశపు క్షేత్రాన్ని లెక్కించాడు. 1921లో పౌలీ దానికి వికిరణం లేదన్నాడు. 1955లో బాండి, గోల్డ్ మరో దారిలో వచ్చారు. 1960లో ఫుల్టన్, రోర్‌లిక్ వికిరణం ఉందని తేల్చారు. చివరికి 1980లో డేవిడ్ బౌల్‌వేర్ ముడి విప్పాడు. రాకెట్టు బయట తేలుతూ చూసేవాడికి ఆ ఆవేశం వికిరణం చేస్తుంది. రాకెట్టు లోపల దానితో పాటే పోయేవాడికి అది నిశ్చలమైన మామూలు విద్యుత్ క్షేత్రం మాత్రమే. బయటివాడు చూసిన తరంగాలన్నీ లోపలివాడికి ఎన్నటికీ కబురు అందని ప్రాంతంలోకి వెళ్లిపోతాయి. అంటే ఇద్దరి మాటా నిజమే. బల్ల మీది ఆవేశం బల్ల పక్కన కూర్చున్న మనకు వెలగదు. మన పాఠ్యపుస్తకాల్లో త్వరణం ఉన్న ప్రతి ఆవేశమూ వికిరణం చేస్తుందని రాసే వాక్యం నా దృష్టిలో సగం వాక్యం. ఎవరికి అన్నది చేరితేనే అది పూర్తవుతుంది. అధ్యాపకులు పాఠం చెప్పేటప్పుడు ఆ ఒక్క మాట చేర్చితే బాగుంటుంది.

మరి నిజంగా పడే ఆవేశం? కండువా మాటకే వద్దాం. అయస్కాంతం మనిషిని మాత్రమే లాగింది. గురుత్వం మనిషినీ లాగుతుంది, కండువానూ లాగుతుంది. విద్యుత్ క్షేత్రంలో శక్తి ఉంది, శక్తి ఉన్న ప్రతిదీ గురుత్వానికి లొంగుతుంది. అందువల్ల కణమూ, దాని దగ్గరి క్షేత్రమూ కలిసే పడతాయి. పక్కనే పడుతున్నవాడికి మడత కనబడదు. కాని క్షేత్రం కణం దగ్గరే ఆగదు కదా. దూరం పోయేకొద్దీ గురుత్వం ఒకేలా ఉండదు. భూమికి అవతలి వైపున ఉన్న క్షేత్రం ఇటువైపుకు పడుతుంది. ఆ తేడా దగ్గర పొత్తు మళ్లీ చెడుతుంది. 1960లో బ్రైస్ డెవిట్, బ్రెమ్, 1964లో డెవిట్ దంపతులు బ్రైస్, సెసిల్ ఈ లెక్కను చివరిదాకా చేశారు. బలహీనమైన గురుత్వంలో నెమ్మదిగా పోయే ఆవేశం, దూరాన ఉన్నవాడి లెక్కలో పాత లార్మర్ సూత్రం చెప్పినంత వికిరణమే చేస్తుంది. అయితే అది పుట్టేది కణం ఉన్నచోట కాదు. దాని క్షేత్రం దూరాన గురుత్వం వంచిన స్థలకాలంలో చెదిరి, తిరిగివచ్చి కణాన్ని తాకటం వల్ల దాన్ని వెనక్కి లాగే బలం పుడుతుంది. ఈ ఫలితం నన్ను ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యపరుస్తుంది. కణానికి తన చుట్టుపక్కల ఏమీ తెలియకపోయినా, దూరం నుంచి దాని సొంత క్షేత్రమే వచ్చి చెబుతుందన్నమాట.

గురుత్వం బలహీనంగా ఉన్నంత వరకే ఈ లెక్క. కృష్ణబిలం దగ్గర కథ మారుతుంది. 1970లలో ఈ ప్రశ్న మీద పనిచేసినవారిలో మన పొరుగున ఉన్న బెంగళూరు శాస్త్రవేత్త సి.వి. విశ్వేశ్వర ఒకరు. కృష్ణబిలాన్ని కదిలిస్తే అది ఎలా మోగి సద్దుమణుగుతుందో 1970లో చూపించినవాడు, తర్వాత బెంగళూరు నెహ్రూ ప్లానెటేరియాన్ని తీర్చిదిద్దినవాడు ఆయనే. 1973లో ఆయన బ్రోయర్, రుఫీనీ, తియోమ్నోలతో కలిసి, కృష్ణబిలం చుట్టూ కాంతివేగానికి దగ్గరగా తిరిగే కణం వెదజల్లే వికిరణాన్ని లెక్కించారు. అయస్కాంతం దగ్గర ఎలక్ట్రాను మలుపు తిరుగుతుంది, దాని వెలుగు మాత్రం తిన్నగా పోతుంది. అందుకే చూసేవాడికి ఒక్క మెరుపు తగిలి ఆగిపోతుంది. కృష్ణబిలం దగ్గరో, కాంతి కూడా కణంతోపాటే వంగుతుంది. రెండూ చాలా దూరం పక్కపక్కనే పోతాయి. అందువల్ల మెరుపు సాగుతుంది, పౌనఃపున్యం తగ్గుతుంది. కక్ష్య అదే ఉండగా కణం శక్తి పదింతలు చేస్తే, అయస్కాంతం దగ్గర వెలుగు పౌనఃపున్యం వెయ్యింతలు పెరుగుతుంది. ఇక్కడ వందింతలే. అలాంటి కక్ష్య నిలకడ లేనిది, కొంచెం జారినా కణం లోపలికి పడిపోతుంది లేదా బయటికి ఎగిరిపోతుంది. కాబట్టి ప్రకృతిలో ఈ వెలుగు కనబడటం అరుదు.

ప్రకృతి అయస్కాంత క్షేత్రాన్నీ, గురుత్వాన్నీ ఒకేచోట పెట్టిన ఉదాహరణ మాత్రం మనందరం చూశాం. 2019 ఏప్రిల్ 10న పత్రికల మొదటి పేజీల్లో వచ్చిన నారింజరంగు వలయం, 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎం-87 గాలక్సీ నడుమ, 650 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం చిత్రం. ఆ రేడియో వెలుగు చిమ్మినవి అయస్కాంత క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు. 2021లో ధ్రువణం కొలిచి ఆ క్షేత్రం 1 నుంచి 30 గాస్ మధ్య ఉంటుందని అంచనా వేశారు. భూమి క్షేత్రానికి కొన్ని రెట్లు మొదలుకొని కొన్ని పదుల రెట్ల దాకా, అంతే. అంత బరువున్న కృష్ణబిలం పక్కన కూడా వెలుగు పుట్టించింది ఆ చిన్న అయస్కాంత క్షేత్రమే. ఆ వెలుగు దారులను వంచి వలయంగా చుట్టింది గురుత్వం.

వింటున్నవారిలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులుంటే ఒక్క మాట. ఈ రోజు చెప్పిన అంకెల్లో కొన్నిటిని లార్మర్ సూత్రం చేతిలో ఉంటే కాగితం మీద మీరే తేల్చుకోవచ్చు, ఒకసారి చేసి చూడండి. పరిశోధనకు వెళ్లేవారు ఇండోర్ సంగతి గుర్తుపెట్టుకోండి. దేశంలోని ఏ విశ్వవిద్యాలయం నుంచైనా ప్రయోగ ప్రతిపాదన రాసి పంపవచ్చు. ఆమోదం దొరికితే ఇండస్ వలయాల వెలుగు మీ నమూనా మీద కూడా పడుతుంది.